మిక్ డూహన్: ఒక మోటార్‌సైకిల్ రేసరు ఎత్తుపల్లాలు

మైకేల్ సిడ్నీ డూహన్, అందరికీ తెలిసిన పేరుతో మిక్ డూహన్, ఆస్ట్రేలియాకు చెందిన మోటార్‌సైకిల్ రోడ్డు రేసరు. 1965 జూన్ 4న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బ్రిస్బేన్‌లో పుట్టాడు. 500 సీసీ గ్రాండ్ ప్రి తరగతిలో 1994 నుంచి 1998 దాకా వరసగా అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1989లో మొదలుపెట్టి 1999లో తప్పుకునేదాకా 137 రేసుల్లో దిగి 54 గెలిచాడు. 95 సార్లు మొదటి ముగ్గురిలో నిలిచాడు, 58 సార్లు పోల్ పొజిషన్ (వరసలో అందరికంటే ముందున్న చోటు) నుంచి బయల్దేరాడు. అతను రిటైరైన నాటికి ఆ తరగతిలో అతనికంటే ఎక్కువ రేసులు గెలిచినవాడు ఇటలీకి చెందిన జాకొమో అగొస్తీని ఒక్కడే.

ఈ అంకెలను 1992 జూన్ దగ్గర రెండుగా విడగొట్టి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. 54 విజయాల్లో ఆ జూన్‌కు ముందువి 9 మాత్రమే. మిగతా 45 విజయాలూ, అయిదు ఛాంపియన్‌షిప్‌లూ అతని కుడికాలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టర్లు అనుకున్న తర్వాత వచ్చినవే. రేసర్లు పడటం, లేవటం మామూలే. పడకముందు ఉన్నదానికంటే పడిన తర్వాత ఇన్ని రెట్లు పైకి వెళ్లినవాడు మరొకడు కనిపించడు. డూహన్ గురించి రాసేటప్పుడు ఆ కాలి గురించి ఎక్కువగా రాయాల్సి రావటానికి కారణం అదే.

500 సీసీ తరగతి

మోటార్‌సైకిల్ రోడ్డు రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1949లో మొదలైంది. ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులు ఉండేవి, వాటిలో పైది 500 సీసీ. 2002లో పెద్ద ఫోర్-స్ట్రోక్ ఇంజన్లను అనుమతించటంతో ఆ తరగతి పేరు మోటోజీపీగా మారింది. మన దేశంలో ఈ పోటీ 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగినప్పుడు చాలామంది మొదటిసారి మోటోజీపీ మాట విన్నారు. డూహన్ కాలం ఆ పేరు మారకముందుది, టూ-స్ట్రోక్ బండ్ల కాలం.

అతను తన గ్రాండ్ ప్రి జీవితమంతా నడిపింది హోండా ఎన్‌ఎస్‌ఆర్500. నాలుగు సిలిండర్లు, 'వి' ఆకారంలో అమర్చిన ఇంజను, 130 కిలోల చుట్టూ బరువు, 180 హార్స్‌పవర్‌కు అటూఇటూ శక్తి. మన ఊళ్లలో ఒకప్పుడు కుర్రకారు కలలుగన్న యమహా ఆర్‌ఎక్స్100 కూడా టూ-స్ట్రోకే. 98 సీసీ ఇంజనుతో 11 హార్స్‌పవర్ ఇచ్చేది, అంతమాత్రానికే దాన్ని అదుపు చేయలేక పడ్డవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎన్‌ఎస్‌ఆర్ ఇంజను దానికి అయిదింతలైతే శక్తి పదహారింతలు. బరువు మాత్రం అన్ని రెట్లు పెరగలేదు.

టూ-స్ట్రోక్ ఇంజను తిరుగుడు తక్కువగా ఉన్నప్పుడు మందకొడిగా ఉంటుంది. ఒక హద్దు దాటగానే శక్తి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. వెనక చక్రం జారితే దాన్ని పసిగట్టి ఇంజనును తగ్గించే ఎలక్ట్రానిక్ సాయం ఆనాటి బండ్లకు లేదు. ఉన్నది రేసరు కుడి మణికట్టు ఒక్కటే. మలుపులో బండిని పక్కకు వాల్చి, బయటికి వస్తూ యాక్సిలరేటర్ తిప్పేటప్పుడు ఒక వెంట్రుకవాసి ఎక్కువైతే వెనక టైరు పట్టు తప్పి పక్కకు జారుతుంది. భయపడి వెంటనే తగ్గిస్తే టైరుకు పట్టు హఠాత్తుగా తిరిగొస్తుంది, బండి ఒక్క కుదుపుతో నిటారుగా లేచి మనిషిని గాల్లోకి విసిరేస్తుంది. దీన్నే హైసైడ్ అంటారు. 500 సీసీ రోజుల్లో ఎముకలు విరిగిన ప్రమాదాల్లో చాలా వాటికి ఇదే కారణం.

ఈ వృత్తిలో బతుకు కూడా ఆ టైరు పట్టు లాంటిదే. ఒప్పందాలు ఏడాదికో రెండేళ్లకో ఉంటాయి. గెలిచే సత్తా ఉన్న ఫ్యాక్టరీ బండ్లు హోండా, యమహా, సుజుకీల దగ్గర వేళ్లమీద లెక్కపెట్టేన్ని. గాయపడి నాలుగు రేసులు తప్పిపోతే పాయింట్లు పోతాయి, కొత్త కుర్రాడు ఆ సీట్లోకి వచ్చి బాగా నడిపితే అదీ పోతుంది. విరిగిన ఎముకకు ప్లేటు వేయించుకుని, నొప్పి తెలియకుండా సూది పొడిపించుకుని బండెక్కటం ఆ లోకంలో పౌరుషంగా చెలామణీ అవుతుంది కానీ, దాని వెనక ఉన్నది ఎక్కువగా సీటు పోతుందన్న భయమే. ఇటలీకి చెందిన డాక్టర్ క్లాడియో కోస్తా 1977 నుంచి 'క్లినికా మొబిలే' అనే చక్రాల ఆసుపత్రిని సర్క్యూట్ల వెంట తిప్పాడు. గాయపడ్డ రేసరును ఎంత త్వరగా బండెక్కించగలం అన్నదే ఆయన చూసేవాడు. మామూలు డాక్టర్లు తలపట్టుకునే ఈ పద్ధతే డూహన్ కథలో కీలకమైంది.

తొలి అడుగులు

డూహన్ గోల్డ్ కోస్ట్ ప్రాంతంలో పెరిగాడు, చిన్నప్పుడు మట్టి ట్రాకుల మీద బండి నేర్చుకున్నాడు. మట్టిమీద వెనక చక్రం ఎప్పుడూ జారుతూనే ఉంటుంది కాబట్టి, జారటం ప్రమాదంగా కాక బండిని తిప్పే పనిముట్టుగా అలవాటవుతుంది. ఆ తరంలో 500 సీసీని ఏలిన అమెరికన్లు, ఆస్ట్రేలియన్లలో ఎక్కువమంది ఈ మట్టిబడి నుంచి వచ్చినవాళ్లే.

1988లో సూపర్‌బైక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో యమహా మీద నాలుగు రేసుల్లో దిగి మూడు గెలిచాడు. రెండు సొంతగడ్డ ఓరన్ పార్క్‌లో, ఒకటి జపాన్‌లోని సుగోలో. మరుసటి ఏడాదికి హోండా అతన్ని 500 సీసీ జట్టులోకి తీసుకుంది. అక్కడ అతని సహచరుడు వేన్ గార్డ్‌నర్, 1987లో ఆ తరగతిలో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి ఆస్ట్రేలియన్. 1989 నాటి ఎన్‌ఎస్‌ఆర్ బలమున్నంతగా బుద్ధి లేని బండి. పడుతూ లేస్తూ డూహన్ ఆ ఏడాది తొమ్మిదో స్థానంలో ముగించాడు, జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో మూడో స్థానం తెచ్చుకున్నాడు. 1990లో హంగరీలో తొలి విజయం దక్కింది, సీజను మొత్తం మీద మూడో స్థానం. 1991లో మూడు రేసులు గెలిచి రెండో స్థానానికి చేరాడు, గార్డ్‌నర్‌తో జోడీగా సుజుకా ఎనిమిది గంటల రేసు కూడా నెగ్గాడు. అప్పటికి యమహా మీద అమెరికన్ వేన్ రెయినీ వరసగా రెండో టైటిల్ కొట్టాడు. ఏటా ఒక మెట్టు ఎక్కుతున్న డూహన్‌కు మిగిలింది ఆ ఒక్క మెట్టే.

1992: ఏడు రేసులు

ఆ సీజనుకు హోండా ఇంజనులో ఒక మార్పు చేసింది. అంతకుముందు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలేవి. టైరు మీద దెబ్బ తర్వాత దెబ్బ పడుతూ ఉండేది, కోలుకునే సందు ఉండేది కాదు. కొత్త ఇంజనులో నాలుగు పేలుళ్లనూ దగ్గర దగ్గరగా, క్రాంకు తిరుగుడులో 70 డిగ్రీలలోపే జరిగేలా కుదించారు. మిగతా తిరుగుడంతా టైరుకు విరామం, ఆ విరామంలో అది మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. కీచుమనే టూ-స్ట్రోక్ గొంతు పోయి బండి బొంగురుగా మోగింది. 'బిగ్ బ్యాంగ్' అని పేరుపడిన ఆ ఇంజనును అదే ఏడాది యమహా, సుజుకీ కూడా అనుసరించక తప్పలేదు.

డూహన్ జపాన్, ఆస్ట్రేలియా, మలేషియా, స్పెయిన్ రేసులు వరసగా గెలిచాడు. ఇటలీలో, బార్సిలోనాలో రెండో స్థానం, జర్మనీలో మళ్లీ గెలుపు. ఆనాటి లెక్కలో గెలుపుకు 20 పాయింట్లు, రెండో స్థానానికి 15. ఏడు రేసుల్లో 130 పాయింట్లు పోగేశాడు. రెయినీ దగ్గర సరిగ్గా అందులో సగం, 65. పదమూడు రేసుల సీజనులో ఇంకా ఆరు మిగిలి ఉండగానే ఫలితం తేలిపోయినట్టే కనిపించింది.

జూన్ నెలాఖరులో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో ప్రాక్టీసు చేస్తూ డూహన్ పడ్డాడు. కుడి మోకాలి కింది రెండు ఎముకలూ విరిగాయి. ఆ వారం అస్సెన్‌లో పడ్డవాడు అతనొక్కడే కాదు. గార్డ్‌నర్ గాయపడ్డాడు, రెయినీ పాత గాయాలతో రేసు వదిలేశాడు, కెవిన్ ష్వాంట్జ్, ఎడ్డీ లాసన్ రేసులో ఒకరికొకరు తగిలి పడ్డారు. పెద్దలంతా ఖాళీ అయిన ఆ రేసును గెలిచి స్పెయిన్ కుర్రాడు ఆలెక్స్ క్రివియే, 500 సీసీ గెలిచిన మొదటి స్పెయిన్ దేశస్థుడయ్యాడు. ఈ క్రివియే పేరు ముందు ముందు మళ్లీ వస్తుంది.

కాలు

ఎముక విరగటం రేసరుకు వారాల లెక్కలో తేలే విషయం. డూహన్‌కు అలా తేలలేదు. స్థానికంగా ఆపరేషన్ జరిగాక కాలు వాచిపోయింది, లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ దెబ్బతిన్నది, కండ చచ్చుబడటం మొదలైంది. కాలు తీసేయటం గురించి మాటలు వినపడుతుండగా డాక్టర్ కోస్తా రంగంలోకి దిగాడు. అదే ఆసుపత్రిలో ఉన్న ష్వాంట్జ్‌నూ డూహన్‌నూ విమానంలో ఇటలీకి తరలించాడు.

అక్కడ ఆయన చేసింది ఈ రోజు విన్నా ఒళ్లు జలదరించే పని. డూహన్ రెండు కాళ్లనూ ఒకదానికొకటి కలిపి కుట్టేశాడు. ఆరోగ్యంగా ఉన్న ఎడమకాలి రక్తం కుడికాలి దెబ్బతిన్న కండకు అందాలన్నది ఆలోచన. దాదాపు రెండు వారాలు డూహన్ అలాగే, రెండు కాళ్లూ అతుక్కుని మంచం మీద ఉన్నాడు. కాలు దక్కింది, అయితే పూర్వపు కాలుగా మాత్రం దక్కలేదు. పిక్క కండ చాలా పోయింది, చీలమండ బిగుసుకుపోయింది, ఎముక వంకరగా అతుక్కుంది.

డూహన్ మంచం మీద ఉండగా నాలుగు రేసులు జరిగాయి. రెయినీ హంగరీలో అయిదోవాడుగా వచ్చి, ఫ్రాన్స్‌లో గెలిచి, బ్రిటన్‌లో రెండోస్థానం తెచ్చుకుని 108కి చేరాడు. అయినా డూహన్ 130 అతనికి ఇంకా 22 దూరంలో ఉంది. మిగిలినవి బ్రెజిల్, దక్షిణాఫ్రికా. ఆగస్టులో, ప్రమాదం జరిగి ఎనిమిది వారాలు గడిచాయో లేదో, సరిగ్గా నడవలేని మనిషిని బ్రెజిల్‌లో బండి మీద కూర్చోబెట్టారు. పన్నెండో స్థానంలో వచ్చాడు. అప్పట్లో మొదటి పదిమందికే పాయింట్లు, కాబట్టి దక్కింది సున్నా. రెయినీ గెలిచాడు, 128. చివరి రేసుకు వెళ్లేటప్పటికి డూహన్ ఇంకా రెండు పాయింట్ల ముందంజలోనే ఉన్నాడు! దక్షిణాఫ్రికాలో అతను ఆరోస్థానం తెచ్చుకున్నాడు, ఆరు పాయింట్లు. రెయినీ మూడో స్థానంతో పన్నెండు తీసుకున్నాడు. 140, 136. నాలుగు పాయింట్లతో నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

అంత తొందరపడి తిరిగి రావటం సరైనదేనా అన్న ప్రశ్న వేయక తప్పదు. కాలి దృష్టితో చూస్తే తొందరే. కానీ ఆ రెండు రేసులూ వదిలేసి ఉంటే మరుసటి ఏడాదికి డూహన్ ఒక జాలికథగా మిగిలేవాడేమో. ఒంటికాలితో ఆరోస్థానం తెచ్చినవాడు ఇంకా పనికొస్తాడని హోండాకు అర్థమైంది. ఈ వృత్తిలో అది చిన్న విషయం కాదు.

బొటనవేలి బ్రేకు

1993 మొదట్లో డూహన్ నడక చూసినవాళ్లెవరూ అతను మళ్లీ గెలుస్తాడని పందెం కాసేవాళ్లు కాదు. నడక సంగతి అటుంచితే బండి మీద ఒక నిర్దిష్టమైన చిక్కు ఉంది. మోటార్‌సైకిల్ వెనక బ్రేకు కుడిపాదం కింద ఉంటుంది. బిగుసుకుపోయిన చీలమండతో ఆ పెడల్‌ను కొలత ప్రకారం తొక్కటం కుదరదు. కుడివైపు మలుపులో అయితే అసలే కుదరదు. బండి కుడికి వాలినప్పుడు పాదానికీ రోడ్డుకూ మధ్య చోటు ఉండదు, చీలమండను మడిచి వేలికొనతో తొక్కాలి, ఆ మడతే అతనికి లేదు.

వెనక బ్రేకు లేకపోతే ఏమవుతుంది, ఆపటానికి ముందు బ్రేకు ఉంది కదా అని అడగవచ్చు. ఆగటానికి అది చాలు. 500 సీసీ రేసరుకు వెనక బ్రేకు వేరే పనులకు కావాలి. మలుపు మధ్యలో సన్నగా నొక్కితే బండి వెళ్లే దారి లోపలికి బిగుస్తుంది. బయటికి వస్తూ యాక్సిలరేటర్‌తో పాటే నొక్కితే వెనక చక్రం మరీ గిర్రున తిరగకుండా, ముందు చక్రం పైకి లేవకుండా ఉంటుంది. మట్టిమీద పెరిగిన డూహన్‌కు ఇది ప్రాణం లాంటి పనిముట్టు.

పరిష్కారం ఎడమచేతి దగ్గర దొరికింది. ఎడమ హ్యాండిల్ మీద క్లచ్ లివర్‌ను నాలుగు వేళ్లు చూసుకుంటాయి, బొటనవేలు ఖాళీ. హ్యాండిల్ కింద, బొటనవేలికి అందేచోట ఒక చిన్న లివర్ బిగించి, దాని నుంచి హైడ్రాలిక్ గొట్టాన్ని వెనక బ్రేకుకు కలిపారు. బొటనవేలితో ముందుకు తోస్తే వెనక చక్రం నెమ్మదిస్తుంది. చెప్పటానికి ఇంతే. కానీ ఇరవై ఏళ్లుగా కాలు చేసిన పనిని గంటకు రెండొందల కిలోమీటర్ల మీద, బండి వాలి ఉండగా, బొటనవేలికి నేర్పటమంటే శరీరంలోని అలవాట్లన్నిటినీ మొదటినుంచి తిరగరాయటమే. ఎడమ మలుపులోనూ కుడి మలుపులోనూ వేలికి అందేది ఒకేలా ఉండటం ఇందులో అనుకోకుండా కలిసొచ్చిన లాభం.

ఇక్కడ జెరెమీ బర్జెస్ గురించి చెప్పాలి. ఆయనా ఆస్ట్రేలియనే. గార్డ్‌నర్ టైటిల్ గెలిచినప్పుడు అతని వెంట ఉన్న మెకానిక్, తర్వాత డూహన్ బండి సిబ్బందికి పెద్ద. రేసరు చెప్పే నాలుగు ముక్కలను సస్పెన్షన్ స్ప్రింగు గట్టితనంగా, గేర్ల నిష్పత్తిగా మార్చగలవాడు. డూహన్ అయిదు టైటిళ్లూ బర్జెస్ చేతి బండ్ల మీదే వచ్చాయి. మనిషికి తగ్గట్టు బండిని మార్చటం అన్న పని ఇంత ఓపికగా జరిగిన సందర్భం రేసుల చరిత్రలో తక్కువ.

1993 సీజను చెదిరిపోయినట్టే గడిచింది. ఇటలీలోని ముజెల్లోలో ఒక్క గెలుపు వచ్చింది, సీజను చివర్లో అమెరికాలోని లగూనా సెకాలో పడి మళ్లీ గాయం. నాలుగో స్థానంతో ముగిసింది. ఆ ఏడాది అంతకంటే పెద్ద విషాదం సెప్టెంబరు 5న మిసానోలో జరిగింది. ఛాంపియన్‌షిప్‌లోనూ ఆ రేసులోనూ ముందంజలో ఉన్న రెయినీ పడి వెన్నెముక విరిగింది, ఛాతీ కింది భాగమంతా చచ్చుబడింది. టైటిల్ ష్వాంట్జ్‌కు దక్కింది. ఏడాది కిందట నాలుగు పాయింట్ల తేడాతో పోరాడిన ఇద్దరిలో ఒకడు చక్రాల కుర్చీకి చేరాడు, రెండోవాడు మళ్లీ కాలికి చికిత్స చేయించుకుంటూ కొత్త సీజనుకు సిద్ధమయ్యాడు.

అయిదు టైటిళ్లు

1994లో 14 రేసుల్లో 9 గెలిచి డూహన్ మొదటిసారి ఛాంపియన్ అయ్యాడు. రెండో స్థానంలో ఉన్న లూకా కడలోరాకూ అతనికీ మధ్య తేడా 143 పాయింట్లు. 1995లో ఏడు గెలుపులతో రెండో టైటిల్. సుజుకీ మీద తోటి ఆస్ట్రేలియన్ డారిల్ బీటీ వెంటపడ్డాడు గానీ అందుకోలేకపోయాడు.

అప్పట్లో ఒక విమర్శ గట్టిగానే వినిపించింది. గార్డ్‌నర్, లాసన్ 1992తోనే తప్పుకున్నారు, రెయినీ లేడు, ష్వాంట్జ్ 1995 మధ్యలో రిటైరయ్యాడు, ఇక పోటీ ఎవరిస్తారని. ఇందులో కొంత నిజముంది. మహామహులు నలుగురు లేని మైదానం మునుపటి మైదానం కాదు. అయితే ఈ వాదనను నమ్మేవాళ్లు 1996, 1997లను జాగ్రత్తగా చూడాలి.

1996లో అతన్ని సవాలు చేసింది సొంత జట్టువాడే, అవే హోండాల మీద. క్రివియే డూహన్ వెనక్కి చేరి రేసంతా నీడలా అంటిపెట్టుకుని, చివరి ల్యాపులో దాటటానికి చూసేవాడు. స్పెయిన్‌లోని జెరెజ్‌లో అభిమానులు రేసు ముగియకముందే ట్రాకు అంచులకు దూసుకొచ్చారు. ఆ గందరగోళంలో చివరి మలుపులో క్రివియే పడ్డాడు, డూహన్ గెలిచాడు. చెక్ రిపబ్లిక్‌లోని బ్రనోలో క్రివియే 0.002 సెకన్ల తేడాతో నెగ్గాడు. ఆస్ట్రేలియాలో ఆఖరి రేసు ఆఖరి ల్యాపులో ఇద్దరూ ఒకరికొకరు తగిలి పడ్డారు, గెలుపు లోరిస్ కపిరోసీ పాలైంది. ఎనిమిది విజయాలతో టైటిల్ డూహన్‌కే దక్కినా, తనను వెంటాడటం సాధ్యమేనని ప్రత్యర్థి రుజువు చేశాడు.

దానికి అతని జవాబు 1997. బిగ్ బ్యాంగ్ ఇంజను అందరి పనీ సులువు చేసిందని, వెనకబడి రావాల్సినవాళ్లు కూడా దానివల్లే తన వెంట రాగలుగుతున్నారని డూహన్ నమ్మకం. అందుకని పేలుళ్లు సమాన వ్యవధిలో జరిగే పాత తరహా ఇంజనును, 'స్క్రీమర్' అనేదాన్ని, కోరి తీసుకున్నాడు. చేతి కదలికకు వెనక చక్రం నేరుగా స్పందిస్తుంది, తప్పు చేస్తే మాత్రం క్షమించదు. పడి కాలు పోగొట్టుకోబోయినవాడు బండి మరింత మొండిదైతే బాగుండునని అడగటం నాకు అతని జీవితంలోకెల్లా ఆశ్చర్యకరమైన విషయం. ఆ బండితో 15 రేసుల్లో 12 గెలిచాడు, వాటిలో 10 వరసగా. మిగతా మూడింటిలో రెండుసార్లు రెండో స్థానం. ఒక్క ఫిలిప్ ఐలాండ్‌లో, సొంత ప్రేక్షకుల ముందు, ముందంజలో ఉండి పడ్డాడు. మొత్తం 340 పాయింట్లు. అతని తర్వాత వచ్చిన ముగ్గురు, తదయుకి ఒకడా, నొబువత్సు అవోకి, క్రివియే, అందరూ హోండాల మీదివాళ్లే. బండి గొప్పదన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. ఒక సీజనులో పై తరగతిలో 12 విజయాలన్నది అప్పటికి ఎవరూ అందుకోని సంఖ్య, 2014లో మార్క్ మార్కెజ్ 13 గెలిచేదాకా అది నిలబడింది.

1998 నల్లేరు మీద నడక కాలేదు. 250 సీసీలో వరసగా నాలుగు టైటిళ్లు గెలిచి వచ్చిన మాక్స్ బియాజీ తన మొట్టమొదటి 500 సీసీ రేసునే గెలిచి హెచ్చరిక పంపాడు. సీజను నడుస్తుండగా పాయింట్ల పట్టిక అటూఇటూ ఊగింది. చివరికి అక్టోబరులో ఫిలిప్ ఐలాండ్‌లో గెలిచి, ముందటేడు పడ్డ చోటే, అయిదో టైటిల్ ఖాయం చేసుకున్నాడు.

జెరెజ్ 1999, ఆ తర్వాత

1999 సీజను మూడో రేసు జెరెజ్‌లో. మే 7న తడి ట్రాకు మీద క్వాలిఫయింగ్ జరుగుతుండగా డూహన్ బండి జారి, అతను వేగంగా వెళ్లి అడ్డుగోడకు కొట్టుకున్నాడు. కాలు పలుచోట్ల విరిగింది, మణికట్టు, భుజం దెబ్బతిన్నాయి. అప్పటికి అతనికి 33 ఏళ్లు. ఏడేళ్ల కిందటిలా ఎనిమిది వారాల్లో తిరిగి రావటానికి శరీరం ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివర్లో రిటైర్మెంట్ ప్రకటించాడు. టైటిల్ క్రివియేకు దక్కింది, 500 సీసీలో ఛాంపియన్ అయిన మొదటి స్పెయిన్ దేశస్థుడు అతనే. ఇన్నేళ్లు నీడగా మసలినవాడికి వెలుతురు దొరికింది డూహన్ లేని సీజనులోనే.

బర్జెస్, అతని సిబ్బంది ఖాళీగా ఉండలేదు. 2000లో 500 సీసీలో అడుగుపెట్టిన వాలెంటీనో రోసీకి హోండా ఆ జట్టునే అప్పగించింది. డూహన్ కూడా సలహాదారుగా ఆ కుర్రాడి పక్కన నిలబడ్డాడు. గార్డ్‌నర్ దగ్గర మొదలై డూహన్ దగ్గర పదునెక్కిన పనితనం రోసీ చేతికి వెళ్లింది, బర్జెస్‌తో కలిసి రోసీ పై తరగతిలో ఏడు టైటిళ్లు గెలిచాడు. విజయాల సంఖ్యలో రోసీ 89తో డూహన్‌ను చాలా దూరం దాటిపోయాడు, మార్కెజ్ కూడా దాటాడు. బొటనవేలి బ్రేకును మాత్రం ఎవరూ దాటలేదు. గాయంతో సంబంధం లేకుండా, రెండు కాళ్లూ బాగున్న మోటోజీపీ రేసర్లలో చాలామంది ఇవాళ దాన్ని బిగించుకుంటున్నారు. కుడి మలుపులో పాదానికి చోటు లేకపోవటం అందరికీ ఉన్న ఇబ్బందేనని, వంకరకాలు ఉన్నవాడు దాన్ని ముందుగా కనిపెట్టాడని వాళ్లకు తర్వాత తెలిసింది.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1996లో అతన్ని ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియాతో గౌరవించింది. ఫిలిప్ ఐలాండ్ సర్క్యూట్‌లో మొదటి మలుపుకు డూహన్ పేరు, దానికి ముందున్న స్టార్టింగ్ స్ట్రెయిట్‌కు గార్డ్‌నర్ పేరు పెట్టారు. వీళ్లిద్దరి తర్వాత పై తరగతిలో ఛాంపియన్ అయిన ఆస్ట్రేలియన్ కేసీ స్టోనర్ ఒక్కడే (2007, 2011).

డూహన్ కొడుకు జాక్ 2003లో పుట్టాడు. రెండు చక్రాలు వదిలి నాలుగు చక్రాలు ఎంచుకున్నాడు. 2024 చివరి రేసులో, అబుదాబిలో, ఆల్పీన్ జట్టు తరఫున ఫార్ములా 1లో అడుగుపెట్టాడు. 2025లో ఆరు రేసులు నడిపాక ఆ సీటును జట్టు ఫ్రాంకో కొలపింటోకు ఇచ్చింది.